తొంభై రెండో నంబరు మేడ

తెలుగు లెక్చరరన్నవాడికి ఊళ్లో జీతం లేని ఉద్యోగాలు కొన్ని తప్పవు. శుభలేఖల్లో ఒత్తులు సరిచూడటం, రిటైరవుతున్న పెద్దమనిషికి సన్మానపత్రం రాయటం, కొత్తగా తెరిచే కొట్టుకు పేరు పెట్టటం, చలువరాతి ఫలకాల మీదికి వాక్యాలు కూర్చటం, ఇవన్నీ మన ఖాతాలోవే. వీటిలో ఫలకం పని కష్టమైనది. సన్మానపత్రంలో తప్పు పడితే అద్దం కట్టించి గోడకు తగిలిస్తారు, ఆ తరువాత ఎవరూ చదవరు. ఫలకం మీద తప్పు పడిందంటే నా మనవల కాలానికీ అది అక్కడే వుండి నన్ను వెక్కిరిస్తుంది.

క్రిందటి నెల మా ప్రిన్సిపాల్ గారు పిలిచి, "మాస్టారూ, మన కాలేజీకి ఫిజిక్సు లేబరేటరీ వస్తోంది. ప్లీడరు గారు కట్టించి ఇస్తున్నారు. ఫలకానికి నాలుగు వాక్యాలు కావాలి. ఒకసారి వారింటికి వెళ్లి షరతులవీ కనుక్కుని రండి" అన్నారు.

మా ఊళ్లో ప్లీడర్లు చాలామందే వున్నారు గాని, 'ప్లీడరు గారు' అంటే మాత్రం ఆయనొక్కరే. ఎనభై దాటిన మనిషి. భార్య పోయి మూడేళ్లయింది. పిల్లలు లేరు. నేను వెళ్లేసరికి వీధి అరుగు మీద పడక కుర్చీలో కూర్చుని వున్నారు.

"నలభై ఏళ్లు కోర్టులో అబద్ధాలు చెప్పి సంపాదించాను మాస్టారూ! నిజం తప్ప చెప్పని శాస్త్రమేదో వుందంటారుగా, కాస్త దానికి పోనిద్దామని" అంటూ నవ్వి, నా చేతికొక కాగితం ఇచ్చారు.

అందులో మూడు షరతులున్నాయి. మొదటిది, లేబరేటరీకి ఆయన భార్య పేరు పెట్టాలి. రెండోది, బ్యాంకులో వేసే సొమ్ము మీద వచ్చే వడ్డీ పరికరాలు కొనటానికే వాడాలి. రంగులకూ, రిబ్బన్లకూ, టీ పార్టీలకూ కాదు. ఈ రెండూ ప్లీడరు గారి చేతిరాత. మూడోది వేరే సిరాతో, వేరే చేత్తో రాసి వుంది: ఇదే సొమ్ముతో ఇవ్వబోయే రెండు స్కాలర్‌షిప్పులూ 'మన వాళ్ల' పిల్లలకే ఇవ్వాలి. మన వాళ్లంటే ఎవరో బ్రాకెట్లో కులం పేరు రాసి మరీ స్పష్టం చేశారు.

నేను ఆ అక్షరాల వంక చూస్తూ వుండిపోయాను. ప్లీడరు గారు గ్రహించారు. "మా అన్నదమ్ముల పిల్లలు రాశారు. వాళ్ల మాటా కొంత వినాలి గదా! ఇచ్చేవాడు షరతు పెట్టుకోవచ్చునని చట్టమే ఒప్పుకుంటుంది" అన్నారు.

చట్టం సంగతి నాకేం తెలుసు! నేను ఛందస్సు చెప్పుకునేవాణ్ణి. అయితే షరతులతో పుట్టిన ఒక లేబరేటరీ కథ నాకు తెలుసు. రెండేళ్ల క్రిందట సాహిత్య సదస్సుకని కలకత్తా వెళ్లినప్పుడు దాని గుమ్మంలో కాసేపు నిలబడి వచ్చాను కూడాను. సభలో మూడో వక్త మాట్లాడుతూండగా మెల్లగా బయటపడి వెళ్లానని ఇన్నాళ్లకు ఒప్పుకుంటున్నాను. ప్లీడరు గారికి ఆ రోజు చెప్పిందే మీకూ చెబుతాను.

కలకత్తాలో, సియాల్దా స్టేషనుకు ఉత్తరంగా, ఒకప్పుడు అప్పర్ సర్క్యులర్ రోడ్డని పిలిచిన వీధిలో 92వ నంబరు. ఇప్పుడా వీధి పేరు ఆచార్య ప్రఫుల్లచంద్ర రోడ్డు. ఆ పేరెందుకొచ్చిందో తరువాత చెబుతాను. అక్కడున్నది కలకత్తా యూనివర్సిటీ వారి సైన్సు కాలేజీ.

ఈ యూనివర్సిటీ 1857లో పుట్టింది. పుట్టిన దగ్గర్నుంచి అర్ధ శతాబ్దం దాని ముఖ్యమైన పని పరీక్షలు పెట్టటం, పట్టాలు పంచటం. పాఠాలు చెప్పేది కాలేజీలు. 1904లో వచ్చిన చట్టం, యూనివర్సిటీలు స్వయంగా కూడా పాఠాలు చెప్పుకోవచ్చునన్నది. చెప్పుకోవచ్చునన్నది గాని, చెప్పుకోవటానికి డబ్బివ్వలేదు. 1906లో వైస్ ఛాన్సలరయిన ఆశుతోష్ ముఖర్జీ ఊరుకునే మనిషి కాదు. ఆయన కలకత్తా హైకోర్టు జడ్జీ. చిన్నతనంలో గణితశాస్త్రంలో పత్రాలు ప్రచురించి, తరువాత న్యాయశాస్త్రంలోకి వచ్చినవాడు. గణితం వదిలినా గణితం ఆయన్ను వదల్లేదని నా అనుమానం. పరిశోధన జరిగే సైన్సు కాలేజీ ఒకటి కట్టి తీరాలని పట్టుపట్టారు.

జడ్జిగారు లాయర్లను పట్టుకున్నారు. ఇంకెవర్ని పట్టుకుంటారు!

మొదటివారు తారకనాథ్ పాలిట్ అనే పేరు మోసిన బారిష్టరు. వంగవిభజన ఉద్యమం రోజుల్లో, 1906లో, స్వదేశీయులు పెట్టిన బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూటుకు ఈ 92వ నంబరు స్థలంలో చోటిచ్చిందీ ఆయనే. ఆరేళ్లు గడిచాక, 1912లో, ఆ స్థలంతో సహా, తన ఇంటితో సహా, సుమారు 15 లక్షల రూపాయల ఆస్తిని యూనివర్సిటీకి రాసి ఇచ్చేశారు. పాపం, టెక్నికల్ ఇన్‌స్టిట్యూటు వారు సామాను సర్దుకుని మానిక్‌తలాలో ఒక తోటబంగళాకు పోవలసి వచ్చింది. ఒక దానం వెనక ఇంకొకరి మూటాముల్లే కూడా వుంటుందన్నమాట. కథ అక్కడితో ఆగలేదు లెండి. వెళ్లగొట్టబడిన ఆ సంస్థే పెరిగి పెద్దదై 1955లో జాదవ్‌పూర్ యూనివర్సిటీ అయింది.

రెండోవారు రాస్‌బిహారీ ఘోష్. 1907లో సూరత్ కాంగ్రెసు సభ జ్ఞాపకముందా? మితవాదులూ అతివాదులూ తగవుపడి, వేదిక మీదికి చెప్పు విసిరి, సభ చెదిరిపోయిందే, ఆ సభకు అధ్యక్షుడు ఈయనే. సభ నిలబడలేదు గాని 1913లో ఈయనిచ్చిన 10 లక్షలు నిలబడ్డాయి. 1919లో మళ్లీ అంతకన్న ఎక్కువే ఇచ్చారు. 1913 నాటి 10 లక్షలంటే ఈనాడు ఎంతో లెక్క కట్టమని మా లెక్కల మాస్టార్నడిగితే, "అడక్కండి, నిద్ర పట్టదు" అన్నాడు.

ఇద్దరు లాయర్లూ ఇచ్చింది ఉత్త చేతులతో ఇవ్వలేదు. షరతులు రాశారు. అందులో ముఖ్యమైనది, ఈ ధనంతో ఏర్పడే ఆచార్య పదవుల్లో భారతీయులే వుండాలి.

ఇప్పుడు వింటే ఇదొక షరతా అనిపిస్తుంది. ఆనాటి సంగతి వేరు. ప్రభుత్వ కాలేజీల్లో పెద్ద మెట్టు ఉద్యోగాలు తెల్లవారివి. లండన్లో డాక్టరేటు పుచ్చుకుని వచ్చినా మనవాడిది క్రింది మెట్టు, తక్కువ జీతం. జగదీశచంద్ర బోసు అంతటివాడు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరిన కొత్తల్లో, తెల్లవారితో సమానమైన జీతం ఇస్తేనే పుచ్చుకుంటానని మూడేళ్లు జీతం ముట్టుకోలేదు. ప్రఫుల్లచంద్ర రే గారికీ అదే కాలేజీలో క్రింది మెట్టే ఇచ్చారు. ఆ అనుభవాలన్నీ చూసిన లాయర్లు దస్తావేజులో ఆ వాక్యం రాశారు. ఆశుతోష్ ముఖర్జీ భారత ప్రభుత్వాన్ని సాయమడిగితే చెయ్యి విదల్చలేదు. ప్రభుత్వం కట్టించని కాలేజీ గనుక ఆ షరతు నిలబడింది.

ఇక్కడ ప్లీడరు గారు కుర్చీలో ముందుకు జరిగి, "చూశారా! వాళ్లూ మన వాళ్లకేనని రాశారు గదా!" అన్నారు.

"రాశారు. మన వాళ్లంటే ఎవరో చూడండి" అన్నాను.

ఇచ్చినవారు ఇద్దరూ బెంగాలీలు. అడిగినాయన బెంగాలీ. స్థలం బెంగాల్లో. దస్తావేజులో మాత్రం భారతీయులనే వుంది. దాని ఫలితం ఏమిటో నియామకాల జాబితా చూస్తే తెలుస్తుంది. గణితంలో ఘోష్ ప్రొఫెసరుగా బలియా నుంచి గణేశ్ ప్రసాద్ వచ్చారు. వృక్షశాస్త్రానికి మహారాష్ట్రుడు అఘార్కర్. భౌతికశాస్త్రంలో పాలిట్ ప్రొఫెసరుగా చంద్రశేఖర వెంకట రామన్, అరవదేశం వారు.

రామన్ గారి సంగతి కొంచెం చెప్పాలి. ఆయన అప్పుడు కలకత్తాలోనే ప్రభుత్వపు లెక్కల శాఖలో పెద్ద ఆఫీసరు. పొద్దున్నా రాత్రీ బౌబజారులోని సైన్సు అసోసియేషన్లో పరిశోధన, మధ్యలో ఆఫీసు. ఇంచుమించు సగం జీతానికి ఆ ఉద్యోగం వదిలి 1917లో ప్రొఫెసరుగా చేరారు. ఒక చిక్కొచ్చింది. ఆచార్యుడు విదేశంలో శిక్షణ పొందినవాడై వుండాలని ఇంకో షరతుంది. భారతీయుడే కావాలి, అతడు సముద్రం దాటి వచ్చినవాడే కావాలి! ఆ కాలపు మనస్సు అలాగుండేది. రామన్ గారు, ఈ ఉద్యోగం కోసం విదేశానికి వెళ్లనుగాక వెళ్లనన్నారు. ఆశుతోష్ ముఖర్జీ ఆ నిబంధన సడలించి ఆయన్నే తీసుకున్నారు. ఒక షరతును ప్రాణంగా పట్టుకోవటం, ఇంకొకదాన్ని సమయం చూసి వదిలెయ్యటం, రెండూ తెలిసిన మనిషి. అన్నట్టు, రామన్ గారు 1928 ఫిబ్రవరి 28న తన పేరుతో ప్రసిద్ధమైన ఫలితం కనిపెట్టింది ఈ మేడలో కాదు, బౌబజారు అసోసియేషన్లోనే. మా అమ్మాయి వ్యాసంలో అది తప్పుగా రాస్తే నేనే దిద్దాను. తెలుగు మాస్టారు సైన్సు దిద్దటమేమిటని ఇంట్లో కాస్త గొడవైంది.

1914 మార్చి 27న శంకుస్థాపన జరిగింది. ఆ ఏడే యుద్ధం వచ్చిపడింది. భౌతికశాస్త్రానికి ఘోష్ ప్రొఫెసరుగా ఎన్నుకుని జర్మనీకి పంపిన దేవేంద్రమోహన్ బోసు అక్కడే చిక్కుబడి 1919కి గాని తిరిగి రాలేదు. విదేశాల నుంచి రావలసిన పరికరాలు రాలేదు. లేబరేటరీ అమర్చమని పురమాయించిన కుర్రవాళ్లలో ఒకడు, శైలేంద్రనాథ్ ఘోష్, విప్లవకారుల్లో కలిసినవాడు కావటంతో పోలీసుల కళ్లు కప్పి అమెరికా పారిపోయాడు. గోడలున్నాయి, పరికరాలు లేవు. ఆశుతోష్ ముఖర్జీ అప్పుడే ఎం.ఎస్‌సి. ప్యాసై వచ్చిన పిల్లల్ని పిలిచి, మీరే పాఠాలు చెప్పండన్నారు. అందులో ఇద్దరు సత్యేంద్రనాథ్ బోసు, మేఘనాథ్ సాహా. ఇద్దరూ 1915లో మిశ్రగణితంలో ప్యాసైనవారే. బోసు ఫస్టు, సాహా సెకండు.

గణితం చదివిన ఈ ఇద్దరూ భౌతికశాస్త్రం చెప్పవలసి వచ్చింది. కొత్త భౌతికశాస్త్రమంతా జర్మన్ భాషలో వుంది, యుద్ధకాలంలో జర్మన్ పుస్తకాలు రావు. శివపూర్ ఇంజనీరింగు కాలేజీలో బ్రూల్ అనే యూరోపియన్ ఆచార్యుడి దగ్గర మంచి పుస్తకాలున్నాయని విని, అక్కడికి వెళ్లి అరువు తెచ్చుకున్నారు. భాష నేర్చుకున్నారు. ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల సాపేక్షతా వ్యాసాలను ఇంగ్లీషులోకి అనువదించారు. 1920లో కలకత్తా యూనివర్సిటీ ఆ పుస్తకాన్ని అచ్చువేసింది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ పీఠిక రాశారు. ఆ వ్యాసాలు ఇంగ్లీషులో పుస్తకంగా రావటం అదే మొదలు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ఐన్‌స్టీన్‌ను ఇంగ్లీషులో ముందుగా అందించింది కలకత్తా కుర్రవాళ్లన్నమాట! అనువాదాన్ని రెండో తరగతి పనిగా చూసే మా తెలుగు శాఖ మిత్రులకు ఈ మాట నేను ఏడాదికి రెండుసార్లయినా చెబుతాను.

ఆ 1920లోనే సాహా, సూర్యుడి వాతావరణంలో పరమాణువులు ఎంత వేడికి ఎంతవరకు ఎలెక్ట్రాన్లను పోగొట్టుకుంటాయో లెక్కగట్టే సూత్రం ప్రకటించాడు. నక్షత్రపు వెలుగు చూసి నక్షత్రపు వేడి చెప్పటం ఆ సూత్రంతో సాధ్యమైంది. పరికరాలు లేని మేడలో కాగితమూ కలమూ పెట్టి చేసిన పని.

ప్లీడరు గారికి సూర్యుడి సంగతి పట్టలేదు. "ఆ సాహా ఎవరి అబ్బాయి?" అనడిగారు.

ఢాకా దగ్గర పల్లెటూళ్లో చిల్లరకొట్టు పెట్టుకున్నాయన కొడుకు. ఇల్లు గడవటమే కష్టం. చదువంతా ఒకరి దయతోనూ స్కాలర్‌షిప్పులతోనూ సాగింది. ప్రెసిడెన్సీ కాలేజీ రోజుల్లో హాస్టల్లో పై కులాల పిల్లలు కొందరు, ఆ కుర్రవాడితో ఒకే చోట కూర్చుని భోంచెయ్యమని అభ్యంతరం చెప్పారు. ఆ మాట అన్నవాళ్ల పేర్లు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. పాలిట్, ఘోష్ గార్ల దస్తావేజులో భారతీయుడన్న చోట ఇంకో చిన్న మాట, బ్రాకెట్లో, వుండి వుంటే ఆ మేడ గుమ్మం సాహాకు ఎత్తు తక్కువయేది.

ఆయన ఏమీ అనలేదు. కాఫీ తెప్పించారు. నేను ప్రఫుల్లచంద్ర రే గారి దగ్గరికి వచ్చాను.

రే గారు 1916లో ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి రిటైరై, రసాయనశాస్త్రంలో పాలిట్ ప్రొఫెసరుగా ఈ మేడకు వచ్చారు. వచ్చి, ఇక్కడే కాపురం పెట్టారు. పెళ్లి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు. మేడ మీద ఒక గది, మంచం, పుస్తకాలు, చుట్టూ శిష్యులు. బెంగాల్ కెమికల్స్ అనే పెద్ద మందుల కంపెనీని స్థాపించిన మనిషి బట్టలు చూస్తే బడిపంతులు కూడా జాలిపడేవాడట. 1921లో అరవై ఏళ్లు నిండాయి. ఇక మీదట నా జీతం నాకు వద్దు, రసాయనశాస్త్ర శాఖకే వాడుకోండని యూనివర్సిటీకి రాసి ఇచ్చారు. ఆ తరువాత 1936 దాకా, పదిహేనేళ్లు, జీతం లేకుండానే పనిచేశారు.

మన తెలుగువాళ్లకు ప్రీతి కలిగించే సంగతొకటుంది. 1922లో రే గారు 10,000 రూపాయలిచ్చి రసాయనశాస్త్ర పరిశోధనకు ఏటేటా ఒక బహుమతి ఏర్పాటు చేశారు. తన పేరు పెట్టుకోలేదు. నాగార్జున బహుమతి అన్నారు. హిందూ రసాయనశాస్త్ర చరిత్రను రెండు సంపుటాల్లో రాసిన పండితుడాయన. పాదరసాన్ని మచ్చిక చేసుకున్నాడని చెప్పుకునే సిద్ధ నాగార్జునుడి గ్రంథాలు తవ్వి తీశారు. ఆ సిద్ధుణ్ణి మన శ్రీపర్వతంతో ముడిపెట్టే కథలనేకం. శూన్యవాదం చెప్పిన నాగార్జునుడూ ఈయనా ఒకరేనా అన్న తగవు పండితుల్లో ఈనాటికీ తెమల్లేదు. తెమలకపోతేనేం, మన కొండ పేరు గల మనిషి కలకత్తా లేబరేటరీలో ఏటేటా తలుచుకోబడ్డాడు.

ఆ 1922లోనే ఉత్తర బెంగాల్లో వరదలు వచ్చాయి. సహాయ సంఘానికి రే గారు అధ్యక్షులు. సంఘం ఆఫీసు ఎక్కడ? ఈ సైన్సు కాలేజీలోనే. గదుల్లో బట్టల మూటలు, బియ్యం లెక్కలు, మనియార్డర్లు, వచ్చే వలంటీర్లు, పోయే వలంటీర్లు. వరద ప్రాంతానికి వెళ్లి పనిచేసినవారిలో అప్పుడే ఐ.సి.ఎస్. వదిలి వచ్చిన సుభాష్ చంద్ర బోసు ఒకరు. రసాయనాలు వుండవలసిన చోట చీరెలూ పంచెలూ పేర్చిన ఆ రోజుల్లో ప్రయోగాలెన్ని ఆగాయో ఎవరూ లెక్క రాయలేదు.

అదే ఏడు చివర యూనివర్సిటీ ఖజానా అడుగంటింది. ప్రభుత్వం రెండున్నర లక్షలిస్తానంది, తన షరతులతో. ఈసారి షరతులు ప్రభుత్వానివి: లెక్కల మీదా నిర్వహణ మీదా తన చెయ్యి వుండాలి. మళ్లీ వైస్ ఛాన్సలరుగా వున్న ఆశుతోష్ ముఖర్జీ, ఉపాధ్యాయులు పస్తులైనా వుంటారు గాని ఆ సొమ్ము వద్దని సెనేటులో గర్జించారు. గర్జించింది ఆయన, పస్తులున్నది లెక్చరర్లు. నెలల తరబడి జీతాలు సరిగా రాలేదు. లెక్చరరుగా నాకు ఆ ఘట్టం చదివినప్పుడల్లా చప్పట్లు కొట్టాలనీ వుంటుంది, ఆ ఇళ్లల్లో ఆ నెల కిరాణా కొట్టు బాకీ ఎంతైందో తెలుసుకోవాలనీ వుంటుంది. ఆశుతోష్ 1924లో పోయారు.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. రామన్ 1933లో బెంగుళూరు వెళ్లారు. సాహా అలహాబాదులో పనిచేసి 1938లో పాలిట్ ప్రొఫెసరుగా తిరిగి వచ్చారు. ఆయన పట్టుదలతో అదే ఆవరణలో పరమాణు భౌతికశాస్త్ర సంస్థ వెలిసి, 1950 జనవరిలో ఇరీన్ జోలియో క్యూరీ చేతుల మీదుగా తెరిచారు. ఢాకా వెళ్లిన సత్యేంద్ర బోసు 1945లో తిరిగి వచ్చారు. మన తెలుగువాడైన సూరి భగవంతం 1928లో రామన్ గారి శిష్యుడుగా కలకత్తా చేరి, తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రానికి దారి వేశారు. రే గారు మాత్రం ఎక్కడికీ పోలేదు. 1944 జూన్ 16న మేడ మీది ఆ గదిలోనే కన్ను మూశారు. వీధికి ఆయన పేరు అందుకే వచ్చింది.

నేను చూసినప్పుడు సాయంత్రమైంది. పిల్లలు సైకిళ్ల దగ్గర నిలబడి ఏదో లెక్క గురించి బెంగాలీలో తగవులాడుకుంటున్నారు. పక్క ఆవరణ జగదీశచంద్ర బోసు 1917లో కట్టించిన విజ్ఞాన మందిరం. రెండు చోట్లా కాపలావాళ్లు నన్ను లోపలికి పోనిచ్చారు. కళ్లజోడూ చేతిసంచీ చూసి ప్రొఫెసరనుకున్నారు కాబోలు.

ఇదంతా విని ప్లీడరు గారు చాలాసేపు వీధి వంక చూస్తూ కూర్చున్నారు. తరువాత లోపల్నుంచి పాత ఫౌంటెన్ పెన్ను తెప్పించుకుని, నా చేతిలోని కాగితం తీసుకుని, మూడో షరతు మీద అడ్డంగా ఒక గీత గీశారు. కోర్టు అలవాటు పోలేదు. కొట్టివేత పక్కన మార్జిన్లో పొట్టి సంతకం చేసి తేదీ వేశారు. "మా వాళ్లకు నేను చెప్పుకుంటాను. నాలుగు రోజులు రాకపోకలుండవు, అంతే గదా!" అన్నారు. నాలుగు రోజులు కాదు, నేనిది రాసేనాటికి మూడు వారాలైంది, వాళ్లెవరూ ఆ గడప తొక్కలేదని విన్నాను.

ఫలకం మీద ఆవిడ పేరు, సంవత్సరం, అంతే పెట్టాం. ఇంకో ఆరుగురు పెద్దల పేర్లు చేర్చాలని ప్రిన్సిపాల్ గారికి మనసులో వుంది. అక్షరానికి ఇంత అని పుచ్చుకునే చెక్కుడు పనివాడు నా కాగితం చూసి, ఇంతేనా అన్నట్టు ముఖం పెట్టాడు.

మొన్న ఆదివారం ప్లీడరు గారు కబురు చేశారు. ఏదైనా కొత్త షరతు చేర్చారేమోనని భయపడుతూ వెళ్లాను.

"మాస్టారూ, ఆ రే గారున్నది మేడ మీద గదన్నారు గదూ! మన లేబరేటరీ మీద చిన్న గదొకటి వేస్తే ఎంతవుతుందో ఇంజనీరుని కనుక్కుని చెప్పండి. మెట్లు మాత్రం మరీ నిటారుగా వుండకూడదు" అన్నారు.